పసుపు తీతువు కోసం టాటానగర్ దాకా

"మాస్టారూ, ఇది మీరు కళ్లారా చూసి రాసిందేనా?"

ఆ ప్రశ్న అడిగింది సన్యాసిరావుగారు. శ్రీకాకుళంలో నా పుస్తకం అచ్చవుతున్న ప్రెస్సులో పెద్ద కంపోజిటరాయన. నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. ఎనభైల మొదట్లో ఒక వేసవిలో పిల్లల కోసం నలభై పిట్టల బొమ్మలు వేసి, ఒక్కోదాని పక్కన నాలుగు ముక్కలు రాసి, అచ్చుకిచ్చాను. ముప్పైతొమ్మిది పిట్టలు నేను చూసినవే. చెట్లెక్కి చూశాను, బురదలో బోర్లా పడుకుని చూశాను, కందిరీగ కుట్టినా కదలకుండా చూశాను. పదిహేడో పేజీలో తీతువు ఒక్కటే సగం చూసి, సగం విని రాసింది. మహానుభావుడు తిన్నగా వచ్చి ఆ సగం మీదే వేలు పెట్టాడు!

ఎర్ర తీతువు నాకు బాగా తెలుసు. మా ఊళ్లో నాగావళి ఇసుకలో ఎప్పుడూ ఉంటుంది. నల్లటి తల, నల్లటి రొమ్ము, కంటి ముందు చిన్న ఎర్రటి తోలు మడత, మనిషి కనబడితే చాలు ఊరంతా వినబడేలా గోల. పసుపు తోలు ఉన్న తీతువు ఇంకోటుందని విన్నానే గానీ ఎన్నడూ చూడలేదు. దాని సంగతి మా బావ ఉత్తరంలో రాశాడు.

మా బావ సింహాచలం టాటానగర్ స్టేషనుకి తూర్పు వైపున్న సిగ్నల్ క్యాబిన్‌లో లివర్లు లాగుతాడు. పద్దెనిమిదేళ్లుగా అదే క్యాబిన్, అదే కిటికీ, కిటికీ అవతల అదే రాళ్ల మైదానం. ఆయన రాసింది ఇది: తీతువు ఒకటే పిట్ట. ఎండాకాలం దాని తోలు పసుపు. వానలు పడి రైలు కట్ట పక్క గుంటల్లో నీళ్లు నిలవగానే ఎరుపు. మా సిగ్నల్ లాగే స్తంభం ఒకటే, రంగే మారుతుంది, దానికి నీరే లివరు.

ఎంత బాగుందో చూడండి! నేను మురిసిపోయి మొత్తం రాసేసుకున్నాను. కింద 'ఇది టాటానగర్ రైల్వే క్యాబిన్ ఉద్యోగి శ్రీ సింహాచలం గారి పద్దెనిమిదేళ్ల పరిశీలన' అని బావ పేరు కూడా వేయించి, ఆ సంగతి ఆయనకి ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం బావ స్టేషనంతా తిప్పాడని అక్క జవాబు రాసింది.

విశాఖపట్నంలో ఒక లైబ్రరీలో ఇంగ్లిషు పిట్టల పుస్తకం ఎప్పుడో తిరగేశాను. అందులో రెండు తీతువుల బొమ్మలు చూసిన గుర్తుంది. అవి ఆడా మగా, ఎండాకాలమూ వానాకాలమూ, లేక రెండు వేరు జాతులా అన్నది ఎంత తల గోక్కున్నా గుర్తు రాలేదు. సెలవులకి ఆ లైబ్రరీ మూసేశారు.

"సోమవారం పది గంటలకి ఆ పేజీల ఫారం మెషినెక్కుతాది. ఎక్కాక బ్రహ్మదేవుడొచ్చినా నా వల్ల కాదు" అన్నారు సన్యాసిరావుగారు.

అప్పుడు గురువారం మధ్యాహ్నం పన్నెండు. నిండా నాలుగు రోజులు లేవు! ఇంటికెళ్లి సంచిలో రెండు జతల బట్టలు, పదిహేడో పేజీ ప్రూఫు, డ్రాయింగు పుస్తకం, మెత్తటి పెన్సిళ్లు నాలుగు, స్కూల్లో ఎన్.సి.సి. సారుని బతిమాలి తెచ్చుకున్న బైనాక్యులరూ వేసుకున్నాను. ఆ బైనాక్యులర్‌కి ఎడమ కన్ను మసక. అయినా ఒక్క కన్నుతో చూస్తే అర్జునుడికీ పిట్ట కన్నే కదా కనబడింది!

సాయంత్రం ఆరున్నరకి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో హౌరా వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రిజర్వేషన్ లేదు. జనరల్ పెట్టెలో తలుపు పక్క చోటు దొరికింది. ఎదురుగా టాటానగర్లో బారిడీహ్ పేటకి వెళ్తున్న ఒక పెద్దావిడ, ఒళ్లో ఆవకాయ జాడీ. భర్త స్టీలు కర్మాగారంలో క్రేను నడుపుతాడట.

"టాటా ఎందుకు బాబూ, ఉజ్జోగమేటి?" అంది.

"పిట్టని చూడ్డానికండి. తీతువుని."

"ఓలమ్మ! అది అరిత్తే ఇంట్లో ఎవలికో ఒకలికి మూడినట్టే. దాన్ని సూడ్డానికి టిక్కెట్టు కొన్నావా?" అని జాడీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పలాస వచ్చేసరికి జాలి పుట్టిందో ఏమో, పులిహోర పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది.

తెల్లారి అయిదూ ముప్పావుకి ఖరగ్‌పూర్‌లో దిగాం. అక్కడ బండి మారాలి. ఆ ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, టాటా పాసింజరు నిలబడే చోటికి నడిచేసరికి తిన్న పూరీ అరిగిపోయింది. ఈ దారిన వచ్చేవాళ్లు బండి ఎక్కాకే తినడం మంచిది. ఏడూ ఇరవైకి పాసింజరు కదిలింది. ఝాడ్‌గ్రాం దాటాక ఎర్ర నేల, సాల్ చెట్లు. ఘాట్‌శిలా దగ్గర కొండలు కిటికీ దాకా వచ్చేశాయి. నా మెడలో బైనాక్యులర్ చూసి పక్కనున్న రైల్వే ఫైర్‌మన్ హిందీలో అడిగాడు, ఏం చూడబోతున్నావని. "చిడియా" అన్నాను, అంటే పిట్ట.

"టాటా మే చిడియా?" అని ఒకటే నవ్వు. "ధువాఁ దేఖియే సాహబ్, ధువాఁ!"

పొగ చూడమన్నాడు మహారాజు. పదకొండున్నరకి చిమ్నీలు కనబడ్డాయి, పొగా కనబడింది. కానీ అప్పటికే నేను కట్ట వైపున్న తలుపు దగ్గర వేలాడుతున్నాను. బండి నెమ్మదించింది. బావ క్యాబిన్ వచ్చింది. ఎర్ర పెంకుల కప్పు, మెట్లు, పొడుగాటి గాజు కిటికీ. కిటికీలో బావ! తెల్ల బనీను, మెడలో తువ్వాలు, చేతిలో పచ్చ జెండా. నన్ను చూసి జెండా గిరగిరా తిప్పాడు. అలా తిప్పకూడదేమో రూల్సు ప్రకారం, నాకు తెలీదు.

స్టేషన్ నుంచి రైల్వే క్వార్టర్లకి రిక్షాలో పావుగంట. అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏటిరా, ఇలగైపోనావు? మీ ఆవిడ కూడెడతాదా లేదా?" అంటూనే చెంబుతో నీళ్లిచ్చింది. మేనకోడలు జ్యోతి ఇంటరు చదువుతోంది. నేను తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిచ్చింది.

"మామా, ఆప్ పాపా సే లడ్‌నే ఆయే హైఁ న?"

నాన్నతో పోట్లాడ్డానికే కదా వచ్చావు అని. పిల్ల నాడి పట్టేసింది.  బావ రాసింది తప్పని తేలితే ఆ పేజీలోంచి బావ పేరు తీసెయ్యాలి. ఆయన పేరు అచ్చులో పడడం జన్మకి ఒక్కసారి.

రెండున్నరకి బావ డ్యూటీ దిగి వచ్చాడు. అన్నాలు తిన్నాక పెట్టె తీసి, గుడ్డలో చుట్టిన నోటుపుస్తకం ఒకటి బయటికి తీశాడు. బళ్ల రాకపోకలు రాసే రిజిస్టరు లాగే గళ్లు గీసుకున్నాడు. ఏటేటా ఒక వరస. 'పసుపు కనబడింది.' 'గుంటల్లో నీరు నిలిచింది.' 'ఎరుపు కనబడింది.' తేదీ, టైము, కింద సంతకం. పద్దెనిమిదేళ్లు!  మా స్కూల్లో హాజరు పట్టీ కూడా ఇంత శుభ్రంగా ఉండదు.

"సూసినావా మాస్టారూ?" అన్నాడు బావ. "ఒక్క ఏడు తప్పనేదు. నీరొచ్చిన పది పన్నెండు రోజులకి పసుపు పోతాది, ఎరుపొత్తాది. అదే చోటు, అదే గట్టు. పక్కా! దీనికేటంటావు?"

"అంటాను బావా, ముందు చూడనివ్వు" అన్నాను.

అయిదు గంటలకి ఇద్దరం క్యాబిన్ దాటి, కట్ట పక్కనే అవుటర్ సిగ్నల్ దాకా నడిచాం. ఎండ ఇంకా చుర్రుమంటోంది. అక్కడ నేల అంతా ఎర్ర గులకరాళ్లు, ఎండిన గడ్డి, కాలిన బొగ్గు పొట్టు. బావ నా భుజం నొక్కాడు.

"అగ్గో!"

నాకేం కనబడలేదు. రాళ్లు. ఇంకా రాళ్లు. అంతలో ఒక రాయి రెండడుగులు పరిగెత్తి ఆగింది.

అమ్మ బాబోయ్! పసుపు తీతువు! మంచి కన్ను బైనాక్యులర్‌కి ఆనించాను. నల్లటి టోపీ, టోపీ కింద చుట్టూ తెల్లటి అంచు. రొమ్ము నలుపు కాదు, మట్టి రంగు, దాని కింద సన్నటి నల్ల గీత, ఆ కింద పొట్ట తెలుపు. ముక్కు నలుపు. ముక్కుకి రెండు పక్కలా కంటి ముందు నుంచి వేలాడుతూ పసుపు తోలు, ఇప్పుడే పసుపుకొమ్ము అరగదీసి పూసినంత పచ్చగా. కాళ్లు పొడుగ్గా, పసుపుగా. అది నన్ను చూసి 'టీ' అంది. అంతే. మా నాగావళి దానిలా ఊరిని లేపలేదు. వరసగా ఆరు బొమ్మలు గీశాను. బావ పక్కన నిలబడి, తనే పెంచి పెద్ద చేసినట్టు చూస్తున్నాడు.

"బావా, దీని రొమ్ము చూడు. మట్టి రంగు. ఎర్రదానికి నల్లగా ఉంటుంది. ముక్కు కూడా వేరు. ఎర్రదానిది ఎర్రముక్కు, కొనే నలుపు."

"వానాకాలం నాను కోటు మార్సనా? అదీ మారుత్తాది. కాళ్లు సూడు కాళ్లు! రెండింటికీ పసుపు కాళ్లే. మనిసిని కాళ్లు బట్టే పోల్సుకోవాల."

అది మాత్రం నిజం. ఎర్ర తీతువుకీ కాళ్లు పసుపే. 

శనివారం బావకి రెస్టు. పొద్దున్న అయిదున్నరకే బయల్దేరి, జుగ్సలాయి సందుల్లోంచి రిక్షాలో ఖర్కయీ నది ఒడ్డుకి పోయాం. అంత పొద్దున్న కూడా జుగ్సలాయిలో గోదాముల ముందు లారీలు అడ్డం. పప్పు బస్తాలు దించే కూలీలు దారివ్వరు, మనం దిగి నడవాల్సిందే. నది మే నెలలో సన్నటి పాయలు రెండు, మిగతా ఇసుకా బండలూ. బండ మీద కాలు పెట్టామో లేదో, ఎగిరిందండీ గోల! ఎర్ర తీతువులు రెండు, తల మీద చక్కర్లు కొట్టి తిట్టాయి. పరదేశంలో మన ఊరి మనిషి గొంతు విన్నట్టుంది నాకు.

"చూశావా బావా! మే నెల. చుక్క వాన లేదు. ఇవి ఎర్రగానే ఉన్నాయి. అవుటర్ దగ్గరిది నిన్ననే పసుపు. ఒకటే పిట్టయితే ఎలా కుదురుతుంది?"

గెలిచేశాననుకున్నాను. బావ తువ్వాలుతో మెడ తుడుచుకుని, తాపీగా నీళ్ల వైపు చెయ్యి చూపించాడు.

"నీరెక్కడ? ఇక్కడే కదా ఉంది. నీరున్న కాడ ముందే మారినాది. అవుటర్ కాడ నీరు నేదు, మారనేదు. నాను సెప్పిందే నువ్వు సూపిత్తన్నావు."

ఇంకేముంది! నాకు మండిపోయింది. ఇసుకలో కూలబడి, ఎర్రదాని బొమ్మలు కోపంగా గీశాను. పెన్సిలు ముక్కు రెండుసార్లు విరిగింది. ఒడ్డున టీ కొట్టు దగ్గర బావే చెరో గ్లాసు టీ ఇప్పించాడు, నేను మొహం తిప్పుకుని తాగాను. కోపం బావ మీద కాదు. ఆయన చెప్పేదాన్లో తప్పెక్కడుందో పట్టుకోలేని నా మీద. నేను అచ్చులో పెట్టబోయేది పిల్లలు నమ్ముతారు. ఒక పిల్లాడు ఏట్లో ఎర్రదాన్ని చూసి, వానొచ్చిందనుకుంటే?

మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవ మళ్లీ రాజుకుంది. నేను ముక్కులంటాను, బావ నీరంటాడు. జ్యోతి కంచంలో తల దించుకుని నవ్వుతోంది. అక్క మజ్జిగ పోస్తూ ఆగింది.

"ఒరే, నాకు తెలీకడుగుతాను. మీరు సెప్పేది ఎర్రదీ పసుపుదీ ఒకటేనా కాదా అనేనా?"

"ఆ."

"అవి రెండూ రోజూ నా గోడల కాడ కొట్టుకు సత్తన్నాయి కదరా! తనతో తనే కొట్టుకుంటాదేటి ఏ పిట్టయినా?"

బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అక్క చెప్పిన గోడలు బిర్సానగర్‌లో ఉన్నాయి. అక్కడ బావ చిన్న జాగా కొని రెండు గదుల ఇల్లు కట్టిస్తున్నాడు. గోడలు లేచాయి. సిమెంటు పగుళ్లివ్వకుండా రోజూ పొద్దున్నే గోడలు తడపాలి. బావకి డ్యూటీ, జ్యోతికి చదువు. అందుకని నెల రోజులుగా అక్కే మినీబస్సులో పోయి, కుళాయి నీళ్లు పీపాలో పట్టి, బిందెలతో గోడల మీద పోసి వస్తోంది. ఆ నీరు కారి వెనకాల రాళ్ల మైదానంలో రెండు చాపలంత మడుగు కట్టింది. తీతువు అరిచే చోట ఇల్లేమిటని పక్కింటివాళ్లు భయపెడితే, "దాని గుడ్ల కోసం అది అరుత్తాది, నా ఇంటి కోసం నాను అరుత్తాను" అందట మా అక్క. నెల రోజులు చూసింది. ఆవిణ్ని ఎవ్వరం అడగలేదు. పద్దెనిమిదేళ్ల రిజిస్టరూ, ఎన్.సి.సి. బైనాక్యులరూ పెట్టుకున్న మగవాళ్లం మేం!

ఆదివారం పొద్దున్న ఆరింటికి నలుగురం మినీబస్సెక్కాం. సాక్చీలో దిగి ఇంకోటి మారి, బారిడీహ్‌లో దిగి, అక్కణ్నించి నడక. ఇటు వచ్చేవాళ్లు ఆదివారం సాక్చీలో బజారు జనాన్ని తప్పించుకోవాలంటే ఏడులోపు దాటాలి. దారంతా బావ తన సంచి చంకలోంచి తియ్యలేదు. నా తిరుగుబండి మధ్యాహ్నం రెండూ నలభైకి. బావకి రెండింటికి డ్యూటీ.

ఇల్లు చేరేసరికి ఏడున్నర. నేను గోడ వెనకాల ఇటికల గుట్ట చాటున కూర్చున్నాను, పక్కన బావ. అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని గోడలు తడపడం మొదలెట్టింది. మడుగు నిండింది. ఎనిమిది. ఎనిమిదిన్నర. ఒక ఎర్ర తీతువు ఎక్కణ్నించో వచ్చి మడుగు అంచున దిగి, మేత వెతుక్కోవడం మొదలెట్టింది. బావ మోచేత్తో నన్ను పొడిచాడు.

"నీరు కాడ ఎరుపే" అన్నాడు గుసగుసగా. ఆ గొంతులో ఇదివరకటి ధీమా లేదు.

తొమ్మిదిన్నరకి ఎండ ముదిరింది. ఇటికలు వేడెక్కి వీపు కాలుతోంది. నాకు ప్రెస్సు గడియారం చెవిలో కొట్టుకుంటోంది. అప్పుడు మైదానంలో దూరంగా ఒక రాయి లేచి నిలబడింది. పసుపుది! అది లేచిన చోట నేల మీద ఒత్తుగా నాలుగు గుడ్లు, ఒట్టి కంటికి రాళ్లే. ఇంకో పసుపుది నడిచొచ్చి వాటి మీద తన నీడ పడేలా నిలబడింది. మొదట లేచినది చిన్న చిన్న పరుగులతో, ఆగుతూ, తల తిప్పి చూస్తూ, మా వైపే వస్తోంది. పది గజాలు. అయిదు గజాలు. 

ఎర్రది చూసింది. తల వంచి, రెక్కలు విప్పి, పెద్ద గోలతో దాని మీదికి దూకింది! పసుపుది ఎగిరి నాలుగడుగుల అవతల దిగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ తరిమింది. రెండూ ఒకే ఎండలో, ఒకే నేల మీద, చెయ్యి చాపితే అందేలా పక్కపక్కనే! ఎర్రది ఒక పిసరు పెద్దది. దానిది నల్ల రొమ్ము, దీనిది మట్టి రొమ్ము. దానిది ఎర్ర ముక్కు, దీనిది నల్ల ముక్కు. నా పెన్సిలు కాగితం మీద దానంతటదే పరిగెడుతోంది.

మూడోసారి ఎర్రది మడుగు ఆ చివరికి పోయిన అదును చూసి, పసుపుది చటుక్కున నీళ్లలోకి దిగింది. దిగి, కూర్చుంది! పొట్ట నీళ్లలో ముంచి అటూ ఇటూ కదిపింది. లేచింది, మళ్లీ కూర్చుంది.

"ఏటి సేత్తంది అది?" అన్నాడు బావ.

అక్క బిందె పక్కన పెట్టి చెప్పింది. "పొట్ట తడుపుకుంటంది. పోయి గుడ్ల మీద కూకుంటాది, సల్లగుంటాయని. రోజూ ఇదే పని. నా గోడల నీరే దానికి దిక్కు."

పసుపుది లేచి నిలబడింది. పొట్ట ఈకల్లోంచి నీళ్లు కారుతున్నాయి. మెడ దాకా చుక్కలు. ఎండ సూటిగా దాని మొహం మీద పడింది. నేను బైనాక్యులర్ తీసి బావ చేతికిచ్చాను.

"కుడి కన్నుతో చూడు బావా."

చూశాడు. చాలాసేపు చూశాడు. అది పరుగున పోయి, గుడ్ల మీద రెక్కలు సర్దుకుని కూర్చునేదాకా చూశాడు.

"నీట్లో కూకున్నాది" అన్నాడు చివరికి. "తడిసినాది. పసుపు పసుపుగానే ఉంది."

బైనాక్యులర్ నాకిచ్చేసి ఇటికల మీద కూర్చున్నాడు.  గెలిచినందుకు నేను ఎగిరి గంతేయాల్సింది. రెండు తీతువుల్నీ పక్కపక్కన చూసిన ఆనందంతో నిజానికి గుండె గంతులేస్తోంది కూడా. కానీ పక్కనే ఈయన.

"నా పేరు కొట్టేయ్ మాస్టారూ. పద్దెనిమిదేళ్లు తప్పే రాసినాను. క్యాబిన్లో ఒక్క లివరు తప్పు లాగితే ఊరుకుంటారేటి?" అన్నాడు.

"నువ్వేం తప్పు రాశావు? పుస్తకం తియ్యి" అన్నాను.

ఆయన సంచిలో అది ఉంది. తెచ్చుకున్నాడని నాకు తెలుసు. ఒడిలో పెట్టుకుని పేజీలు తిప్పాం. 'పసుపు కనబడింది.' నిజం. 'నీరు నిలిచింది.' నిజం. 'ఎరుపు కనబడింది.' నిజం. ఎక్కడా 'మారింది' అన్న మాటే లేదు! అది ఉత్తరంలో చేర్చిన మాట. పొడి నేల పిట్ట, నీళ్లు రాగానే లేచిపోతోంది. నీటి పిట్ట, ఆ ఖాళీలోకి వచ్చి దిగుతోంది. ఒక బండి లైను ఖాళీ చేస్తే ఇంకో బండికి సిగ్నలిచ్చినట్టు. పద్దెనిమిదేళ్ల పాటు రెండు జాతుల రాకపోకలు తేదీలతో సహా రాసిన మనిషి ఇంకెవడున్నాడు?

"రెండు బళ్లు బావా. నువ్వు టైములన్నీ కరెక్టుగానే రాశావు. ఒకే బండి రంగు మార్చుకుని వస్తోందనుకున్నావు, అంతే."

బావ పేజీ మీద వేలు పెట్టి, వరసలు ఒక్కొక్కటే కిందికి చదివాడు. తరవాత నెమ్మదిగా నవ్వడం మొదలెట్టాడు. భుజాలు ఊగేలా నవ్వాడు. "ఓర్నాయనో! రెండు బళ్లు! ఇన్నేళ్లూ రెండు బళ్లకి ఒకటే నంబరేసినానేటి!" ఆ నవ్వుకి ఎర్రది లేచి మా అందరినీ తిట్టిపోసింది. జ్యోతి మొదటిసారి తెలుగులో అంది, "నాన్నా, అమ్మ పేరు కూడా ఎయ్యమను."

వేస్తానన్నాను. అక్క "నా పేరెందుకురా, గోడలు పగలకుండా ఉంటే సాలు" అంటూనే, తన పేరులో ఏ అక్షరానికి దీర్ఘముందో రెండుసార్లు చెప్పింది.

పన్నెండింటికి క్వార్టరు చేరాం. అక్క రొయ్యపొట్టు కూరతో అన్నం పెట్టింది. బావ డ్యూటీకి పోయాడు, వెళ్తూ నోటుపుస్తకం నా సంచిలో పెట్టేశాడు. "అచ్చయినాక పంపు. ఈ ఏటి నీరు ఇంకా రానేదు, వరస ఖాళీగున్నాది" అన్నాడు.

రెండూ నలభైకి రావాల్సిన బండి మూడయిదుకి కదిలింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో ప్రూఫు కాగితం పెట్టుకుని, ప్లాట్‌ఫారం మీద బండి కోసం చూస్తూ తిరగరాయడం మొదలెట్టిన పదిహేడో పేజీని, బండి ఊపుకి అక్షరాలు వంకర్లు పోతున్నా పూర్తి చేశాను. 'తీతువులు రెండు.' ఆ మొదటి మాట రాయగానే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మనం నమ్మిన కథకంటే కళ్లెదుట ఉన్నది ఎప్పుడూ ఒకటి ఎక్కువే ఉంటుందని ఆ ప్రయాణంలో నాకు తెలిసింది. కింద రెండు పేర్లు వేశాను. ఒకటి రాకపోకలు రాసినాయనది, ఒకటి నీళ్లు పోసినావిడది.

తల ఎత్తేసరికి తూర్పు క్యాబిన్ వచ్చేసింది. కిటికీలో బావ నిలబడి ఉన్నాడు. ఎడమ చేతిలో పచ్చ జెండా, రూల్సు ప్రకారం కదలకుండా. నన్ను చూశాడు. కుడి చెయ్యి లివరు మీంచి తీసి, కిటికీ బయటికి చాపి, స్టేషనంతా చూసేలా రెండు వేళ్లు ఎత్తి చూపించాడు.